మట్టిలో ఆనవాళ్లు: ఖనిజాలు, చమురు అన్వేషణలో భూరసాయన శాస్త్రం

భూమి పైపొరలోని రాళ్లన్నిటిలో అంతో ఇంతో రాగి ఉంటుంది. సగటున టన్ను రాతికి 30 నుంచి 60 గ్రాములు. అయితే అది గనికి పనికిరాదు. పెద్ద ఎత్తున తవ్వే గనికి గిట్టుబాటు కావాలంటే టన్నుకు 4, 5 కిలోలైనా ఉండాలి. అంటే ప్రకృతి ఒకచోట రాగిని సుమారు 100 రెట్లు చిక్కబరచాలి. బంగారం సంగతి ఇంకా కష్టం. మామూలు రాతిలో అది టన్నుకు 1 నుంచి 4 మిల్లీగ్రాములే. గనిలో టన్నుకు ఒకటి రెండు గ్రాములైనా కావాలి. ఇనుము మాత్రం రాళ్లలో ఎటూ నూటికి 5 పాళ్లు ఉంటుంది కనుక, పది పన్నెండు రెట్లు పెరిగితే మేలైన ముడిఖనిజం అవుతుంది.

ఎక్కడెక్కడి మూలకాన్నో తెచ్చి ఒకచోట పోగుచేసిన తావే ఖనిజ నిక్షేపం. విస్తీర్ణంలో అది చాలా చిన్నది. విలువైన గని ఒకటి కొన్ని వందల మీటర్ల పొడవులో, పదుల మీటర్ల వెడల్పులో ఇమిడిపోవచ్చు. పైన మట్టి, అడవి, చేలు కప్పేసి ఉంటే కంటితో కనిపెట్టడం అసాధ్యం. అయితే మూలకాన్ని మోసుకొచ్చిన వేడినీరు దారి పొడవునా రాళ్లను మార్చుకుంటూ వస్తుంది. నిక్షేపం ఏర్పడిన తర్వాత గాలి, వాన, చెట్ల వేళ్లు, చెదపురుగులు దానిలోంచి కొంత కొంత బయటికి లాగుతూనే ఉంటాయి. అందుకే నిక్షేపం చిన్నదైనా దాని ఆనవాళ్లు కిలోమీటర్ల మేర పరుచుకుంటాయి. భూగర్భంలో చిక్కుకున్న చమురు, సహజవాయువుల విషయంలోనూ జరిగేది ఇదే.

ఈ ఆనవాళ్లను చదవడానికి రెండు శాస్త్రాలు కలిసి పనిచేస్తాయి. ఫలానా మూలకం ఎంత ఉంది అన్న ప్రశ్నకు భూరసాయన శాస్త్రం జవాబు చెబుతుంది. అది ఏ ఖనిజంలో, ఏ రూపంలో ఉంది అన్న ప్రశ్నకు ఖనిజశాస్త్రం జవాబు చెబుతుంది. మొదటి జవాబు లేకపోతే ఎక్కడ వెతకాలో తెలియదు. రెండో జవాబు లేకపోతే దొరికింది పనికొస్తుందో లేదో తెలియదు.

మూలకాల నడవడికను ఒక క్రమంలో వివరించినవాడు విక్టర్ గోల్డ్‌ష్మిట్. 1888లో జ్యూరిక్‌లో పుట్టి, నార్వేలోని ఓస్లోలోను, జర్మనీలోని గోటింగెన్‌లోను పనిచేసిన ఈయనను ఆధునిక భూరసాయన శాస్త్ర పితామహుడిగా గౌరవిస్తారు. మూలకాలు దేనితో పొత్తు కలుపుతాయో చూసి ఆయన వాటిని కుటుంబాలుగా విడదీశాడు. ఇనుముతో చేరేవి కొన్ని, గంధకంతో చేరేవి కొన్ని, ఆక్సిజన్‌తో కలిసి మామూలు రాతి ఖనిజాల్లో చేరేవి కొన్ని, గాలిలో కలిసేవి కొన్ని. రాగి, సీసం, జింకు, వెండి, పాదరసం, ఆర్సెనిక్, ఆంటిమొనీ గంధకం కుటుంబానివి. బంగారం ఇనుము వైపు మొగ్గేదే అయినా, వేడినీటిలో గంధకం సాయంతోనే కరిగి ప్రయాణిస్తుంది. అందువల్ల బంగారం ఉన్నచోట ఆర్సెనిక్, ఆంటిమొనీ తరచుగా తోడుంటాయి.

ఈ తోడు అన్వేషకులకు పెద్ద సాయం. బంగారం కొద్దిగా ఉంటుంది, అదీ రేణువులుగా ఇక్కడొకటి అక్కడొకటిగా ఉంటుంది. చేతికి వచ్చిన మట్టి నమూనాలో రేణువు పడితే విలువ ఆకాశానికి ఎగురుతుంది, పడకపోతే సున్నా. ఆర్సెనిక్ అలా కాదు. అది ఎక్కువగా ఉంటుంది, మట్టిలో సమంగా పరుచుకుంటుంది, పరీక్షలో తేలిగ్గా దొరుకుతుంది. వెతికేది ఒకదాన్నైనా దారి చూపేది మరొకటి అయినప్పుడు దాన్ని మార్గసూచక మూలకం అంటారు.

నిక్షేపాలు ఏర్పడే మార్గాల్లో ముఖ్యమైనది వేడినీటి ప్రవాహం. భూగర్భంలో 200 నుంచి 400 డిగ్రీల వేడిలో, పెద్ద ఒత్తిడిలో ఉన్న ఉప్పునీరు రాళ్ల పగుళ్ల వెంట కదులుతూ లోహాలను కరిగించుకుంటుంది. అది చల్లబడినప్పుడు, మరిగినప్పుడు, వేరే నీటితో కలిసినప్పుడు, లేదా సున్నపురాయి వంటి రాతితో చర్య జరిపినప్పుడు లోహాలు దిగిపోతాయి. దిగే చోటికి చుట్టుపక్కల రాతిలోకి కూడా కొంత ఇంకుతుంది. ఆ చుట్టుపరిధిని ప్రాథమిక వలయం అంటారు. లోతున ఉన్న నిక్షేపానికి వందల మీటర్ల ఎగువన పాదరసం, ఆర్సెనిక్ వంటి, వేడినీటిలో తేలిగ్గా కదిలే మూలకాల వలయం కనిపించవచ్చు. రాగి, జింకుల వలయాలు మరింత దగ్గరగా ఉంటాయి. ఏ మూలకం ఏ ఎత్తులో ఎక్కువగా ఉందో చూసి, నిక్షేపం ఇంకా కిందే ఉందా, కోతకు గురై పోయిందా అని అంచనా కడతారు.

రాయి నేలమీదికి వచ్చాక రెండో అంకం మొదలవుతుంది. పైరైట్ అనే ఇనుము గంధకం ఖనిజం గాలి, నీరు తగలగానే కుళ్లి గంధకామ్లాన్ని పుట్టిస్తుంది. ఆ ఆమ్లంలో రాగి కరిగి కిందికి దిగుతుంది. జింకు ఇంకా దూరం పోతుంది. సీసం మాత్రం నీటిలో కరగని సమ్మేళనాలుగా మారి ఉన్నచోటే ఉండిపోతుంది. బంగారం రేణువులుగా మిగిలి మట్టిలో చేరుతుంది. చివరికి పైన మిగిలేది తుప్పు రంగులో బోలు బోలుగా ఉండే ఇనుప రాయి. దీన్ని గోసాన్ అంటారు. కింద గంధక ఖనిజాలు ఉన్నాయనడానికి ఇది పాతకాలపు గుర్తు. రాజస్థాన్‌లోని రాంపురా అగూచాలో 1977లో కనిపించిన గోసాన్‌ను పరీక్షించడంతోనే ప్రపంచంలోని పెద్ద జింకు నిక్షేపాల్లో ఒకటి బయటపడింది.

అయితే తుప్పు రాళ్లన్నీ గోసాన్‌లు కావు. లాటరైట్ కూడా ఎర్రగానే ఉంటుంది. తేడా తెలుసుకోవడానికి సీసం, ఆర్సెనిక్, వెండి వంటి, నేలమీద అంతగా కదలని మూలకాలు రాతిలో మిగిలాయేమో చూస్తారు. ఖనిజాల రంగు, ఆకారం కూడా చూస్తారు. రాగి ఎక్కువగా ఉండే చాల్కోసైట్ కుళ్లిన చోట ముదురు ఎరుపు హెమటైట్ మిగులుతుంది. పైరైట్ ఎక్కువగా ఉన్నచోట పసుపు రంగు జారోసైట్ కనిపిస్తుంది. అనుభవం ఉన్న భూవిజ్ఞాని ఈ రంగుల్ని చూసి, కింద చిక్కబడిన రాగి పొర ఉందో లేదో ముందే ఊహించగలడు.

ఒక పెద్ద ప్రాంతాన్ని పరిశీలించేటప్పుడు మొదట వాగులనే ఆశ్రయిస్తారు. వాగు తన పరీవాహక ప్రాంతం మొత్తం నుంచి మట్టిని తెస్తుంది కనుక ఒక్క దోసెడు ఒండ్రు కొన్ని చదరపు కిలోమీటర్లకు ప్రతినిధి అవుతుంది. దాన్ని ఆరబెట్టి, సన్నని జల్లెడలో జల్లించి, నలుసుల భాగాన్ని ప్రయోగశాలకు పంపుతారు. ఏ వాగులో విలువ పెరిగిందో ఆ వాగు వెంట ఎగువకు వెళ్తారు. విలువ ఉన్నట్టుండి పడిపోయిన చోట ఆగి, ఆ రెండు నమూనాల మధ్య వాలులో మట్టి నమూనాలు గళ్ల పద్ధతిలో తీస్తారు. ఆ తర్వాత కందకాలు, చివరకు బోర్లు. ఒక మెట్టు నుంచి మరో మెట్టుకు వైశాల్యం తగ్గుతుంది, ఖర్చు పెరుగుతుంది.

1851లో ఏర్పడిన భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ 2001లో జాతీయ భూరసాయన పట నిర్మాణాన్ని చేపట్టింది. దేశాన్ని చదరపు కిలోమీటరు గళ్లుగా విడదీసి, గడికొక నమూనా తీసి, నాలుగు గళ్ల నమూనాలను కలిపి పదుల కొద్దీ మూలకాలకు పరీక్షించడం దాని పద్ధతి. ఈ పటాల వల్ల ఏ ప్రాంతానికి ఏది మామూలు స్థాయో తెలుస్తుంది. మామూలు స్థాయి తెలిస్తే గానీ అసాధారణం ఏదో చెప్పలేరు. గ్రానైట్ ప్రాంతంలో టన్నుకు 100 గ్రాముల రాగి గమనించదగినది. నల్ల బసాల్ట్ రాళ్ల ప్రాంతంలో అదే విలువ మామూలే. అందుకే ఒకే గీటురాయితో దేశమంతా కొలవరు. రాతిని బట్టి, నేలను బట్టి హద్దు మార్చుకుంటారు.

ఈ పద్ధతులు 1930లలో సోవియట్ యూనియన్‌లోను, స్కాండినేవియా దేశాల్లోను మొదలయ్యాయి. ఆ రోజుల్లో ఒక్కో మూలకాన్ని రంగు మార్పు పరీక్షలతో కొలిచేవారు. 1955లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త అలన్ వాల్ష్ పరమాణు శోషణ వర్ణపటమాపక పద్ధతిని ప్రకటించాక వేల నమూనాలను చౌకగా పరీక్షించడం సాధ్యమైంది. 1962లో హాక్స్, వెబ్ రాసిన పాఠ్యగ్రంథం ఈ విద్యను ప్రపంచమంతటా తరగతి గదుల్లోకి తెచ్చింది. ఇప్పుడు ప్లాస్మా మాస్ స్పెక్ట్రోమీటర్లు ఒక్క నమూనాలో 50, 60 మూలకాలను టన్నుకు మిల్లీగ్రాముల స్థాయిలో కొలుస్తాయి. చేతిలో పట్టుకునే ఎక్స్‌రే పరికరంతో పొలం గట్టు మీదే కొన్ని లోహాల అంచనా దొరుకుతుంది.

మొక్కలు, పురుగులు కూడా నమూనాలు సేకరించి పెడతాయి. జాంబియాలో రాగి ఎక్కువగా ఉన్న నేలల్లో పెరిగే ఒక మొక్కకు రాగి పువ్వు అన్న పేరే ఉంది. ఆస్ట్రేలియాలోని కాల్‌గూర్లీ ప్రాంతంలో యూకలిప్టస్ చెట్లు 30 మీటర్ల లోతు నుంచి బంగారాన్ని నీటితోపాటు పీల్చి ఆకుల్లోకి చేరుస్తున్నాయని అక్కడి శాస్త్రవేత్తలు 2013లో నిరూపించారు. ఆకుల్లోని బంగారం విలువ చేసేంత కాదు, కింద ఉందని చెప్పడానికి చాలు. చెదపుట్టల సంగతి మన దేశంలో పూర్వం నుంచీ తెలిసిందే. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో పుట్టలను భూగర్భజలానికి గుర్తుగా చెప్పాడు. బోట్స్‌వానాలోని జ్వానెంగ్ దగ్గర కలహారి ఇసుక కింద పదుల మీటర్ల లోతులో ఉన్న వజ్రాల రాతి నుంచి ఇల్మనైట్ అనే ఖనిజపు రేణువులను పైకి మోసినవి చెదపురుగులే.

పటం మీద ఎర్రగా మెరిసిన చోటల్లా గని ఉండదు. ఏ ఖనిజంలో, ఏ రూపంలో ఉంది అన్న రెండో ప్రశ్న ఇక్కడే ముఖ్యమవుతుంది. మాంగనీస్ ఆక్సైడ్ పూతలు నీటిలో కరిగి వచ్చే జింకు, కోబాల్ట్, నికెల్‌లను పట్టేసుకుంటాయి. పక్కన ఏ నిక్షేపమూ లేకపోయినా విలువ పెరుగుతుంది. ఆలివిన్ ఎక్కువగా ఉండే పచ్చటి రాళ్లలో నికెల్ టన్నుకు 2 కిలోల వరకూ ఉంటుంది. కాగితం మీద అది పెద్ద అంకె. కానీ ఆ నికెల్ ఆలివిన్ స్ఫటికంలో బిగుసుకుని ఉంటుంది కనుక లాభసాటిగా తీయలేరు. అదే నికెల్ పెంట్‌లాండైట్ అనే గంధక ఖనిజంలో ఉంటే, రాతిని నూరి ఆ ఖనిజాన్ని వేరుచేసి కరిగించవచ్చు. రోడ్డు పక్క దుమ్ము, పొలాల్లో చల్లిన ఎరువులు, పాత కొలిమి చిట్టెం కూడా మోసం చేస్తాయి.

రూపం తెలియక దగ్గరున్నదాన్ని పోగొట్టుకున్న కథ అమెరికాలోని నెవాడాది. అక్కడి కొండల్లో బంగారం వెతికినవాళ్లు మట్టిని పళ్లెంలో కడిగి చూసి, మెరుపు కనిపించక వదిలేసిపోయారు. 1961లో న్యూమాంట్ కంపెనీకి చెందిన జాన్ లివర్‌మోర్, అలన్ కూప్ కార్లిన్ దగ్గర రాతి నమూనాలను రసాయన పరీక్షకు పంపారు. బంగారం ఉందని తేలింది. 1965లో గని మొదలైంది. ఆ బంగారం సాధారణ సూక్ష్మదర్శినికి కూడా అందదు. ఆర్సెనిక్ కలిసిన పైరైట్ రేణువుల అంచుల్లో పరమాణువుల స్థాయిలో ఇమిడిపోయి ఉంటుంది. పళ్లెంలో దిగడానికి అక్కడ రేణువే లేదు. ఆర్సెనిక్, ఆంటిమొనీ, పాదరసం, థాలియం అనే నాలుగు మూలకాల జట్టు ఆ తరహా నిక్షేపాలకు ఇప్పుడు చిరునామా.

కడప జిల్లా తుమ్మలపల్లె యురేనియం కూడా ఇదే పాఠం చెబుతుంది. వేంపల్లె డోలమైట్ పొరల్లో యురేనియం ఉన్నదని తెలిశాక అసలు చిక్కు మొదలైంది. యురేనియం ఖనిజం అతి సన్నని నలుసులుగా, ఫాస్ఫేట్ పదార్థంతో కలిసి, డోలమైట్‌లో చెదిరి ఉంది. మామూలుగా యురేనియాన్ని గంధకామ్లంతో కరిగించి తీస్తారు. డోలమైట్ కార్బొనేట్ శిల కనుక పోసిన ఆమ్లమంతా దానికే ఖర్చయిపోతుంది. అందువల్ల క్షార ద్రావణంతో, ఒత్తిడిలో కరిగించే పద్ధతిని అక్కడ వాడవలసి వచ్చింది. రాతిలో యురేనియం ఎంతో చెప్పే అంకె ఈ నిర్ణయానికి సరిపోదు. దాని ఆతిథేయ ఖనిజం ఏదో తెలియాలి.

వేడినీరు రాతిలో తెచ్చే మార్పులు ఒక క్రమంలో ఉంటాయి. దీన్ని స్పష్టంగా చూపినవి అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలోని శాన్ మాన్యుయెల్, కలమజూ రాగి నిక్షేపాలు. డేవిడ్ లోవెల్, జాన్ గిల్బర్ట్ 1970లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, నిక్షేపం నడిమధ్యలో పొటాషియం ఫెల్డ్‌స్పార్, బయొటైట్ ఉంటాయి. వాటి చుట్టూ సెరిసైట్, క్వార్ట్జ్, పైరైట్ పొర. తర్వాత కయొలినైట్ వంటి బంకమట్టి ఖనిజాలు. అన్నిటికంటే వెలుపల పచ్చని క్లోరైట్, ఎపిడోట్. ఈ వరస తెలిస్తే, చేతిలో ఉన్న రాయి నిక్షేపానికి ఎంత దూరంలో ఉందో చెప్పవచ్చు. శాన్ మాన్యుయెల్‌లో ఈ వలయాలు సగమే కనిపించడంతో, మిగతా సగం భూభ్రంశం వల్ల పక్కకు జరిగి ఉంటుందని లోవెల్ ఊహించాడు. 1965లో బోరు వేస్తే కలమజూ దొరికింది. అదే లోవెల్ బృందం 1981లో చిలీలోని అటకామా ఎడారిలో భూరసాయన సర్వే ఆధారంగా లా ఎస్కొండీడా నిక్షేపాన్ని కనుగొంది. రాగి ఉత్పత్తిలో అది ఇప్పుడు ప్రపంచంలోని గనులన్నిటిలో పెద్దది.

ఈ వలయాలను ఇప్పుడు ఆకాశం నుంచీ చదువుతారు. బంకమట్టి ఖనిజాలు, సెరిసైట్ 2.2 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర పరారుణ కాంతిని పీల్చుకుంటాయి. కార్బొనేట్లు 2.3 మైక్రోమీటర్ల పైన పీల్చుకుంటాయి. 1999 చివరలో ప్రయోగించిన టెర్రా ఉపగ్రహంలోని ఆస్టర్ పరికరం ఈ తేడాలను పట్టుకుని ఎడారి ప్రాంతాల్లో ఖనిజ పటాలు తయారు చేయడానికి దోహదపడింది. చెట్లు, పంటలు కప్పిన నేలలో ఈ పద్ధతి అంతగా సాగదు. అక్కడ మళ్లీ మట్టి నమూనాలే గతి.

వజ్రాల అన్వేషణలో ఖనిజశాస్త్రం ముందు నడుస్తుంది. వజ్రాలు 150 కిలోమీటర్లకు పైగా లోతులో పుట్టి, కింబర్లైట్ అనే అగ్నిశిలతో పైకి వస్తాయి. కింబర్లైట్‌లో కూడా వజ్రం అత్యల్పం. కానీ దానితోపాటు పైకి వచ్చే ఊదా ఎరుపు పైరోప్ గార్నెట్, పచ్చని క్రోమ్ డయాప్సైడ్, మెగ్నీషియం కలిసిన ఇల్మనైట్ రేణువులు వజ్రాలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా దొరుకుతాయి. దక్షిణాఫ్రికాలో జాన్ గర్నీ, సోవియట్ యూనియన్‌లో నికొలాయ్ సోబొలెవ్ గార్నెట్లను విశ్లేషించి ఒక మెళకువ కనిపెట్టారు. క్రోమియం ఎక్కువ, కాల్షియం తక్కువ ఉన్న పైరోప్‌లు వజ్రాలు నిలిచే లోతు నుంచి వచ్చినవి. ఇతర గార్నెట్లు దొరికితే కింబర్లైట్ ఉండవచ్చు గానీ వజ్రాలు ఉంటాయన్న హామీ లేదు. చక్ ఫిప్కీ, స్టూవర్ట్ బ్లూసన్ కెనడా ఉత్తరాన హిమానీనదాలు వందల కిలోమీటర్లు లాక్కుపోయిన ఇలాంటి రేణువులను వెనక్కి అనుసరిస్తూ వెళ్లి, 1991లో లక్ ద గ్రా సరస్సు ప్రాంతంలో కింబర్లైట్‌ను పట్టుకున్నారు. ఆ దేశపు మొదటి వజ్రాల గని అక్కడే 1998లో మొదలైంది.

తెలుగు నేలకు ఈ విషయం కొత్తది కాదు. కృష్ణా తీరంలోని కొల్లూరు వజ్రాలు గోల్కొండ పేరుతో ప్రపంచమంతా తిరిగాయి. అవి ఒండ్రులో దొరికినవి. పుట్టిన రాతి నుంచి నీరు ఎంతో దూరం మోసుకొచ్చినవి. అనంతపురం ప్రాంతంలోని వజ్రకరూరు కింబర్లైట్లు సుమారు 110 కోట్ల ఏళ్ల నాటివి. వాటిలో వజ్రాలున్నవి ఉన్నాయి. ఇంచుమించు అదే వయసున్న నారాయణపేట కింబర్లైట్లలో చాలావరకు వజ్రాలు లేవు. కర్నూలు ప్రాంతంలోని జొన్నగిరి, తుగ్గలి చేలల్లో తొలకరి వానలకు జనం వజ్రాలు వెతకడం ఏటా జరిగేదే. వాన మట్టిని కడిగేస్తే బరువైన గింజలు కొట్టుకుపోకుండా మిగిలి కనిపిస్తాయి. బరువైన ఖనిజాలను వేరుచేసే శాస్త్రీయ పద్ధతికి కూడా ఆధారం అదే గుణం.

ఖనిజాల లోకానికి, చమురు లోకానికి కడప సీమలోని మంగంపేట ముగ్గురాయి ఒక లంకె. ముగ్గురాయి అంటే బేరియం సల్ఫేట్. నీటికన్నా దాదాపు నాలుగున్నర రెట్లు బరువైనది. చమురు బావి తవ్వేటప్పుడు లోపలి ఒత్తిడికి నూనె, వాయువు ఎగదన్నకుండా బావిలో పోసే బురదను బరువెక్కించడానికి దాని పొడి కలుపుతారు. ప్రపంచంలోని అతిపెద్ద ముగ్గురాయి నిక్షేపాల్లో మంగంపేట ఒకటి.

చమురు అన్వేషణలో మొదటి ప్రశ్న, నూనె పుట్టించగల మూల శిల ఉందా అన్నది. చమురు జీవుల నుంచి పుట్టిందనడానికి గట్టి రసాయన సాక్ష్యాన్ని 1934లో జర్మన్ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ ట్రైబ్స్ ఇచ్చాడు. ఆయనకు ముడి చమురులో పోర్ఫిరిన్లు దొరికాయి. మొక్కల్లోని పత్రహరితానికి, వాటికి అణు నిర్మాణంలో దగ్గరి పోలిక ఉంది. సముద్రంలోను, సరస్సుల్లోను చనిపోయిన నాచు, సూక్ష్మజీవులు ఆక్సిజన్ అందని బురదలో చేరి రాయిగా మారితే, వాటి అవశేషం కెరొజన్ అనే ఘన పదార్థంగా మిగులుతుంది. షేల్ అనే బురద రాతిలో సేంద్రియ కార్బన్ నూటికి అర పాలుకన్నా తక్కువగా ఉంటే మూల శిలగా లెక్కలోకి తీసుకోరు. ఒకటి రెండు పాళ్లు ఉంటే మేలు.

ఇక్కడ కూడా ఎంత అన్నది చాలదు. కెరొజన్ ఏ రకం అన్నది చూడాలి. సరస్సు నాచు నుంచి వచ్చిన మొదటి రకం, సముద్ర జీవుల నుంచి వచ్చిన రెండో రకం నూనె ఇస్తాయి. చెట్ల కొయ్య, ఆకుల నుంచి వచ్చిన మూడో రకం ఎక్కువగా వాయువునే ఇస్తుంది. రకం సరైనదైనా వేడి అందాలి. దాలిగుంటలో పాలు కాగినట్టు మూల శిల కోట్ల ఏళ్లు సన్నని సెగ మీద పక్వానికి రావాలి. సుమారు 60 నుంచి 120 డిగ్రీల మధ్య నూనె పుడుతుంది. అంతకు మించితే వాయువు. ఇంకా మించితే మిగిలేది బొగ్గు వంటి అవశేషమే.

ఈ పక్వతను కొలవడానికి 1977లో ఫ్రెంచ్ పెట్రోలియం సంస్థలో ఎస్పితాలియే బృందం రాక్ ఎవాల్ అనే పరీక్షను రూపొందించింది. గ్రాములో పదో వంతు రాతిపొడిని ఆక్సిజన్ లేకుండా క్రమంగా వేడి చేస్తారు. 300 డిగ్రీల దగ్గర ముందే పుట్టి ఉన్న నూనె ఆవిరవుతుంది. ఆపైన కెరొజన్ విరిగి కొత్త నూనె పుడుతుంది. అది అత్యధికంగా వెలువడే ఉష్ణోగ్రత 435 డిగ్రీలు దాటితే ఆ రాయి నూనె దశకు చేరిందని అర్థం. దీనికి తోడు సూక్ష్మదర్శిని కింద విట్రినైట్ అనే కొయ్య రేణువు ఎంత కాంతిని పరావర్తనం చేస్తుందో కొలుస్తారు. అది నూటికి 0.6 దగ్గర నూనె మొదలై, 1.3 దగ్గర ముగుస్తుంది. కృష్ణా గోదావరి బేసిన్‌లో రాఘవాపురం షేల్, కొమ్ముగూడెం పొరలు మూల శిలలుగా గుర్తింపు పొందింది ఇటువంటి పరీక్షలతోనే.

నూనెలోని కొన్ని అణువులు దానికి మూలమైన జీవుల గుర్తును కోట్ల ఏళ్ల తర్వాత కూడా నిలుపుకుంటాయి. స్టెరేన్లు నాచును, హోపేన్లు బాక్టీరియాను, ఓలియనేన్ పూలు పూసే మొక్కలను సూచిస్తాయి. బావిలో దొరికిన నూనెకు, ఒక షేల్‌లోని నూనెకు ఈ గుర్తులు సరిపోలితే ఆ నూనె పుట్టిల్లు తెలిసినట్టే. అప్పుడు అది ఏ దారిన ప్రయాణించిందో, దారిలో ఇంకా ఏ ఉచ్చుల్లో నిలిచిపోయి ఉంటుందో అంచనా కట్టవచ్చు. వాయువు విషయంలో ఈ పని కార్బన్ ఐసోటోపులు చేస్తాయి. సూక్ష్మజీవులు పుట్టించిన మీథేన్‌లో తేలికైన కార్బన్ ఎక్కువ. లోతు వేడిలో పుట్టిన మీథేన్‌లో బరువైన కార్బన్ పాలు పెరుగుతుంది, ఈథేన్, ప్రొపేన్ కూడా తోడుంటాయి. 2006లో కృష్ణా గోదావరి లోతు సముద్రంలో బోర్లు వేసి, మీథేన్‌ను మంచులా బంధించిన గ్యాస్ హైడ్రేట్లను కనుగొన్నప్పుడు, ఆ మీథేన్ సూక్ష్మజీవులదేనని ఐసోటోపులు చెప్పాయి.

నేలమీద నూనె ఊటలను చూసి బావులు తవ్వడం పాత పద్ధతి. అస్సాంలోని డిగ్బోయిలో 1889లో చమురు దొరకడానికి, హిమాచల్ ప్రదేశ్‌లోని జ్వాలాముఖి గుడిలో వెలిగే సహజవాయువు మంటను చూసి 1950ల చివర అక్కడ బోరు వేయడానికి కారణం ఇదే. కంటికి కనిపించని సన్నని ఊటలు అంతకన్నా ఎక్కువ. వాటిని 1930లలో జర్మనీలో లాబ్‌మేయర్, సోవియట్ యూనియన్‌లో సొకొలోవ్ మట్టిలోని వాయువులను కొలిచి పట్టుకోవడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఒకటి రెండు మీటర్ల లోతు నుంచి మట్టి తీసి, బంకమట్టి రేణువులకు అంటుకున్న మీథేన్, ఈథేన్, ప్రొపేన్‌లను విడదీసి కొలుస్తారు. ప్రొపేన్, బ్యూటేన్ తిని బతికే బాక్టీరియాను లెక్కిస్తారు. హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థలో ఈ పరీక్షలకు ప్రత్యేక ప్రయోగశాల ఉంది.

ఊట రాళ్లను కూడా మార్చుతుంది. పైకి వచ్చిన హైడ్రోకార్బన్లు ఎర్రటి ఇసుకరాయిలోని ఇనుమును కరిగించి పాలిపోయేలా చేస్తాయి. కార్బొనేట్ సిమెంటును, పైరైట్‌ను పుట్టిస్తాయి. అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రంలోని సిమెంట్ అనే ఊరి చమురు క్షేత్రంపైన ఎర్ర రాళ్లు తెల్లబడ్డ తీరును 1974లో డొనొవన్ వివరించాడు. ఇలాంటి పరీక్షలు ఆ ప్రాంతంలో నూనె పుట్టి కదిలిందని చెబుతాయి. ఉచ్చు సరిగ్గా ఎక్కడుందో, ఎంత లోతున ఉందో చెప్పవు. అందుకు భూకంప తరంగాల సర్వే కావాలి.

బోరు వేశాక కూడా ఖనిజాల పని ఆగదు. బంకమట్టి ఖనిజమైన స్మెక్టైట్ సుమారు 60 డిగ్రీలు దాటాక నెమ్మదిగా ఇల్లైట్‌గా మారుతూ నీటిని వదులుతుంది. ఆ నీటికి దారి దొరకకపోతే పొరలో ఒత్తిడి పెరుగుతుంది. బావి రూపకల్పన చేసేవారికి ఇది ముందే తెలియాలి. నూనె నిలిచే ఇసుకరాయి రంధ్రాల్లో ఇల్లైట్ వెంట్రుకల్లా పెరిగితే, రంధ్రాలు ఉన్నా నూనె కదలదు. ఉత్తర సముద్రపు వాయు క్షేత్రాల్లో ఎదురైన చిక్కు అదే. అదే రాతిలో ఇసుక రేణువుల మీద క్లోరైట్ పలుచని పూతగా ఉంటే, క్వార్ట్జ్ పెరగకుండా అడ్డుకుని లోతులో కూడా రంధ్రాలను కాపాడుతుంది. పైకి వచ్చే రాతి ముక్కలను ఎక్స్‌రే విశ్లేషణతో, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూస్తేనే ఈ తేడా తెలుస్తుంది.

ఈ శ్రమంతా నిలిచేది నమూనా నిజాయితీ మీద. ఇండొనేసియాలోని బుసాంగ్‌లో బ్రె ఎక్స్ అనే కెనడా కంపెనీ భారీ బంగారు నిక్షేపం ఉందని ప్రకటించింది. 1997లో స్వతంత్ర పరిశీలనలో అది మోసమని తేలింది. రాతిపొడిలో ఎవరో బంగారం కలిపారు. ఆ రేణువులు గుండ్రంగా అరిగి, నదుల్లో దొర్లిన బంగారంలా ఉన్నాయి. రాతిలో పుట్టిన బంగారానికి అలాంటి ఆకారం రాదు. అంకెలు చూసిన మార్కెట్ మోసపోయింది, రేణువు ఆకారం చూసినవారికి తేడా తెలిసింది. పైగా అక్కడ బోరు నుంచి వచ్చిన రాతి స్తంభాలను దాదాపు మొత్తంగా పొడి చేశారు, తిరిగి సరిచూడటానికి మిగిల్చింది చాలా తక్కువ.

అప్పటినుంచి గని కంపెనీల ప్రకటనలకు నియమాలు బిగుసుకున్నాయి. ప్రయోగశాలకు పంపే ప్రతి బ్యాచ్‌లో విలువ ముందే తెలిసిన ప్రామాణిక నమూనా, లోహం లేని ఖాళీ నమూనా, అదే నమూనాకు జోడీ కలుపుతారు. జోడీల విలువలు సరిపోలకపోయినా, ఖాళీ నమూనాలో లోహం కనిపించినా బ్యాచ్ మొత్తాన్ని మళ్లీ పరీక్షిస్తారు. రాతి స్తంభాన్ని నిలువుగా రెండుగా కోసి, ఒక సగాన్ని పరీక్షకు పంపుతారు. మరో సగాన్ని పెట్టెల్లో వరసగా, లోతు రాసి భద్రపరుస్తారు. అంకె మీద అనుమానం వచ్చినప్పుడు, ఆ లోహం ఏ ఖనిజంలో ఉందో చూడటానికి ఆ రెండో సగాన్నే బయటికి తీస్తారు.